ఆదివారం పేజీలో ఉండేవాళ్లు

ఉదయగిరిలో నాకు ఆదివారం ఒక పట్టాన గడిచేది కాదు. మిగతా రోజుల్లో బడి ఉండేది, ఆడపిల్లల అల్లరి ఉండేది, కోప్పడటానికి ఎవరో ఒకరు దొరికేవారు. ఆదివారం కోప్పడటానికి కూడా మనిషి లేడు. కొండ కింద వీధిలో ఒక గది, ముందొక వసారా, పక్కింటికీ నాకూ మధ్య నడుమెత్తు గోడ. డెబ్భైల చివర్లో, ముప్పై దాటిన పెళ్లికాని పంతులమ్మకు అంతకంటే ఎక్కువ చోటు ఎవరిస్తారు?

అంతకుముందైతే ప్రతి శనివారం బడి వదలగానే ఆత్మకూరు బస్సెక్కేదాన్ని. అక్కడ మా నాయన ఉండేవాడు. ఆదివారం పేపరు రాగానే కార్టూన్ల పేజీ తీసి, ఒక్కొక్కటీ నాకు చదివి వినిపించి, ఎందుకు నవ్వాలో వివరంగా చెప్పి, జోకును చంపి, ఆపైన తనే నవ్వేవాడు. నాకు జోకు కంటే ఆయన నవ్వుకే నవ్వొచ్చేది. ఆయన పోయాక అది అన్న ఇల్లయింది. వదిన మంచిదే. కాకపోతే "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని నా గురించి నలుగురిలో అనేది, నేను వెళ్లినప్పుడల్లా తిరుగు బస్సు ఎన్నింటికని ప్రేమగా అడిగేది. వెళ్లడం తగ్గించాను. తర్వాత మానేశాను.

పేపరు మాత్రం మానలేదు. నెల్లూరు బస్సులో కట్ట వచ్చి మా ఇంటెదుటి బస్టాండు హోటల్లో పడేది. చందా నాది, చదివేది హోటలంతా. ఆడవాళ్లు ఆ హోటలు గడప తొక్కరు. అందుకని నా పేపరు ముందు ఊరి మగవాళ్ల చేతులన్నీ తిరిగి, మధ్యాహ్నం హోటలాయన భోజనానికి ఇంటికి పోతూ నా తలుపు గొళ్లానికి తగిలించాక నాదయ్యేది. ఈలోగా వాళ్లు కార్టూన్లు చూసి నవ్వే నవ్వు నా వసారాలోకి వినబడేది. ముందు నవ్వు, ఎప్పటికో బజ్జీ నూనె మరకలతో జోకు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి హోటలాయన్ని అడిగేశాను కూడా.

"చదివితే అక్షరాలేమన్నా అరిగిపోతాయా టీచరమ్మా?" అన్నాడు.

తీరా పేజీ చేతికొచ్చాక నేనొక్కదాన్నే నవ్వాలి. ఖాళీ గదిలో నా నవ్వు నాకే వినబడి, ఉలిక్కిపడి ఆపేసేదాన్ని.

అలా ఆపేసిన ఒక రోజు పక్కింటి ఆపా, అంటే వాళ్ల భాషలో అక్క, గోడ మీదుగా తొంగి చూసి, "ఏంది టీచరమ్మా, నవ్వతా ఉండావు?" అంది. వాళ్లాయన కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కేవాడు. వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం ఆమె పని. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, చదవడం రెండింట్లోనూ రాదు. పేజీని గోడ మీద పరిచి చూపించాను. బట్టతలాయన గ్యాసు బండ కోసం క్యూలో నిలబడి వీలునామా రాయిస్తున్నాడు, తన తర్వాత ఆ చోటు కొడుక్కి చెందాలని. ఆపా నవ్వలేదు. "పాపం, అంతసేపు నిలబడితే కాళ్లు లాగవా?" అంది.

మరుసటి ఆదివారం నేను పేజీ విప్పకముందే అడిగింది, "ఆయనకు బండ దొరికిందా?"

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. బొమ్మలు గీసేది ఒక్కరే కావడంతో ప్రతి వారం అదే బట్టతల, అదే ముక్కు, అదే లావుపాటి భార్య. వాళ్లంతా ఒకే ఇంటివాళ్లనీ, మద్రాసులోనో హైదరాబాదులోనో కాపురం ఉంటున్నారనీ, వాళ్ల కష్టాలే వారం వారం పేపర్లో వేస్తున్నారనీ ఆమె అనుకుంది. టీచర్ని కదా, దిద్దబోయాను.

"అట్టాంటి మనుషులు లేరు ఆపా. అంతా కల్పితం."

"లేని మనుషుల్ని చూసి నువ్వెందుకు నవ్వతావు?"

"బండ దొరికింది" అన్నాను. ఆమె దేవుణ్ణి తలుచుకుని మళ్లీ చెంచా రుద్దుకుంది.

అప్పట్నుంచి ఆదివారాలు కాస్త కదిలాయి. చుట్టాలకు భయపడి బట్టతలాయన బయట తాళం వేయించుకుని లోపల దాక్కుంటే, "లోపల నీళ్లుండాయా?" అని అడిగేది. తాత పెట్టిన అర్జీకి మనవడి కాలంలో ఫోను వస్తే, "పోనీలే, వచ్చింది కదా" అనేది. ఆమె ఒక్కదానికీ నవ్వేది కాదు, నేను ఆమె ప్రశ్నలకు కడుపుబ్బ నవ్వేదాన్ని. అయినా పేజీ మడిచాక సాయంత్రం సాయంత్రమే. గోడవతల పిల్లల గోల, గిన్నెల చప్పుడు. ఇవతల నేను.

ఒక ఆదివారం హోటల్లో నవ్వు మామూలుకంటే పెద్దగా లేచింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరు ముగ్గురు నా ఇంటి వైపు తిరిగి మరీ నవ్వుతున్నారు. పేపరొచ్చాక తెలిసింది. కళ్లద్దాలు, ముడి, గొడుగు, ఒక పంతులమ్మ. సెలవు రోజు ఖాళీ ఇంట్లో కూర్చుని తన హాజరు తనే పిలిచి, తనే "ప్రెజెంట్" అంటోంది. నన్ను చూసి వేసింది కాదని తెలుసు. తెలిసినా ఏడుపొచ్చింది. జోకు నిజంగా బాగుంది, అదీ నా బాధ.

ఆపాకు చూపించకూడదనుకున్నాను. ఆమె ఊరుకోదు. ఉన్నదున్నట్టు చదివాను.

"ఈమె ఆ ఇంటోళ్లకు ఏమవతాది?"

"ఏమీ కాదు. ఒక్కతే."

బొమ్మను తన వైపు తిప్పుకుంది. "అట్టయితే వాళ్ల పక్కింట్లో ఉంటాదిలే" అంది.

ఆ పంతులమ్మ బొమ్మ మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆపా మాత్రం బట్టతలాయన్ని వదిలేసి ముందు ఆమెనే అడగడం మొదలుపెట్టింది. "ఆ టీచరమ్మ ఎట్టుండాది?" బాగుందనేదాన్ని. వారం వారం అదే ప్రశ్న, అదే అబద్ధం.

ఆ ఏడు నాయన తద్దినానికి ఆత్మకూరు నుంచి నాకు కబురు రాలేదు. తిథి నాకు తెలుసు, పిలుస్తారని చూశాను. అయిపోయిందని శనివారం సాయంత్రం ఆ ఊరి నుంచి వచ్చిన తోటి టీచరు చెప్పింది. మర్నాడు పేపరు తీసుకుని గోడ దగ్గరికైతే వెళ్లాను గానీ, విప్పబుద్ధి కాలేదు.

"ఆ టీచరమ్మ ఎట్టుండాది?" అంది ఆపా.

"బాగలేదు ఆపా."

ఆమె రుద్దుతున్న చెంచాను గోడ మీద పెట్టింది. నా మొహం చూడలేదు. మడిచిన పేపరు వంకే చూస్తూ, "అన్నం తినిందా?" అని అడిగింది.

"వండుకోలేదు."

"నాకు తెలుసు" అంది. "పొద్దున్నించీ ఆ ఇంట్లో పొయ్యి పొగ లేవలా. చూస్తానే ఉండాను."