దించని సంగిడి

చీపురుపల్లి సబ్‌రిజిస్ట్రారు కచేరీలో వేంకటాచలం గారు ఉద్యోగజీవితమంతా దస్తావేజులకు నకళ్లు రాశారు. తన చేతిమీదుగా వెళ్లిన ఏ నకలులోనూ ఒక్క అక్షరం హెచ్చుతగ్గు లేదన్నది ఆయన లోలోపల దాచుకున్న గర్వం. అసలులో తప్పుంటే నకలులోనూ ఆ తప్పు ఉండవలసిందేననీ, దిద్దడానికి మనమెవరమనీ అనేవారు. ఉద్యోగ విరమణ తరువాత విశాఖపట్నం నుంచి వెలువడే ఒక దినపత్రికకు స్థానిక విలేఖరిగా కుదురుకున్నారు. పంచాయతీ సమితి రాజకీయాలు, పల్లెల్లో జరిగే ఆటలపోటీలు, విజయనగరంలో అచ్చయ్యే కొత్త పుస్తకాలు, ఈ మూడింటికీ ఆయనే దిక్కు. పేరు అచ్చులో పడకపోయినా 'మా విలేఖరి' అన్న రెండు మాటలు కనబడితే చాలు, ఆ పూట కాఫీ మరికాస్త తియ్యగా ఉండేది.

అయితే ఈ కొత్త కొలువులో ఒక చిక్కు ఉంది. వార్తల కవరు సాయంత్రం పాసింజరు బండికి అందాలి. పొద్దుగూకిన తరువాత జరిగే ఉత్సవాన్ని చూసి రాద్దామంటే కవరు మరునాటికి పోతుంది, అచ్చయ్యేసరికి వార్త పాచిపోతుంది. అందుచేత సభకు అధ్యక్షులెవరో, దండ ఎవరి మెడలో పడబోతున్నదో ముందుగానే విచారించి, 'సభ జయప్రదముగా జరిగెను' అని మిట్టమధ్యాహ్నమే రాసి పంపించేవారు. అసలు పుట్టకముందే నకలు తీయడమన్నమాట. మొదట్లో కవరు అంటించడానికి జంకేవారు. జరగవలసినవన్నీ ఆయన రాసినట్టే జరుగుతూ వచ్చేసరికి ఆ జంకు తగ్గిపోయింది.

1968వ సంవత్సరం కార్తీక పౌర్ణమి వెళ్లిన మరునాడే ఆయనకు చలిజ్వరం తగులుకుంది. మంచం దిగి అరుగుమీద కూర్చునేసరికి మార్గశిరం నడుస్తున్నది. చదవని పత్రికలు గుట్టగా పడివున్నాయి. సమితి అధ్యక్షుడిమీద అవిశ్వాస తీర్మానం వచ్చి పడింది. హైస్కూలు మైదానంలో చెడుగుడు పోటీలు ముగిసిపోయాయి. మిత్రుడు నరసింగరావు శతకం అచ్చయి, పుస్తకం చేతికి వచ్చి, దాన్ని గురించి నాలుగు ముక్కలు ఎప్పుడు రాస్తావని మూడుసార్లు కబురు పెట్టాడు. ఇవన్నీ ఒక్క లేఖలో సర్ది పంపాలని ఆయన కలం పట్టుకున్నారు.

"యముడు వదిలాడు గాని సమితి వదలలేదు మిమ్మల్ని," అంది భార్య బాలసరస్వతి కషాయం గ్లాసు పక్కన పెడుతూ. "ఆ ప్రెసిడెంటు ఉంటే మనకేం, ఊడితే మనకేం? ముందిది తాగండి."

"నేను పడుకున్నానని లోకం పడుకోదు కదే!"

"పోనీ లేచి లోకానికి జోలపాట పాడండి," అని ఆమె లోపలికి పోయింది.

అదే సమయంలో గుమ్మం ముందు ఒక స్త్రీ వచ్చి నిలబడింది. నడివయసు మనిషి. చేతులకు గాజులు లేవు. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము.

"బాబూ, పేపర్లో రాసీది తవరేనా?"

"అవును. ఎవరమ్మా నువ్వు?"

"నాను బంటువలస దాలమ్మని. సంగిడెత్తే కూర్మయ్య పెనిమిటి నాకు."

వేంకటాచలం గారి ముఖం వికసించింది. కార్తీక పౌర్ణమికి జరిగే బంటువలస గైరమ్మ సంబరంలో సంగిడి అనే గుండ్రని నల్లబండను నేలమీదినుంచి మోకాలికి, మోకాలినుంచి రొమ్ముకు, రొమ్మునుంచి భుజానికి ఎత్తే కూర్మయ్యను ఎరగనివారు ఆ చుట్టుపక్కల లేరు. ఏటా ఎత్తేవాడు అతడే. జ్వరం రాకముందు ఆయన పంపిన చివరి వార్త కూడా అదే.

"మీ ఆయన గురించి రాశానమ్మా. పత్రికలో పడినట్టుంది."

"పడినాది బాబూ. అందుకే ఒచ్చినాను." ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "సంబరం నాడు మద్దినం సోళ్లు నూర్సీ కల్లంలో కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు. పొద్దు వాలకుండానే కాల్చీసినారు. సంబరం ఆగిపోనాది. సంగిడి ఎవులూ ముట్టనేదు. తెల్లారి మా అన్న అసిరయ్య టీ కొట్టుకి పేపరొచ్చినాది. అందల కూర్మయ్య ఎత్తినాడని ఉన్నాది."

వేంకటాచలం గారి చేతిలో కలం ఆగిపోయింది. ఆ వార్త రాసిన వేళకు కూర్మయ్య బతికే ఉన్నాడో, కల్లంలో ఒరిగిపోయే ఉన్నాడో ఆయనకు తెలియదు. "పొరపాటు జరిగిందమ్మా," అన్నారు. "రేపే సవరణ రాస్తాను. ఎత్తలేదనీ, అంతకు ముందే పోయాడనీ రాస్తాను."

"ఎత్తనేదని రాస్తే, మా ఇంటి ముంగిట రొప్పుతన్నోడు ఎవులు బాబూ?"

గుమ్మం లోపల బాలసరస్వతి గాజుల చప్పుడు ఆగిపోయింది.

దాలమ్మ చెప్పుకొచ్చింది. బంటువలస కట్టుబాటు ప్రకారం సంగిడి ఎత్తినవాడు దాన్ని విసిరిపారేయకూడదు. మెల్లగా నేలకు దించాలి. రాయి నేలను తాకగానే ఊరంతా 'దిగింది' అని కేకవేయాలి. ఆ కేక పడేదాకా అతడు పట్టు వదలకూడదు. పత్రికలో ఎత్తినట్టు ఉంది గాని దించినట్టు లేదు. ఆ పత్రిక ఊళ్లో చదివిన నాటినుంచి సంగిడి దగ్గర బరువు మోస్తున్న మనిషి ఊపిరి వినిపిస్తున్నది. మొదట్లో పొద్దు వాలిన తరువాతే వినిపించేది, ఇప్పుడు పట్టపగలు కూడా. పశువులు ఆ దారిన నడవడం లేదు. పెద్దకర్మనాడు పిండం పెడితే కాకి ముట్టలేదు.

"ఎలాగ ముడతాది బాబూ? రెండు సేతులూ రాతిమీదుంటే ముద్ద ఏ సేత్తో అందుకుంతాడు?" అంది ఆమె. "బతికున్నంతకాలం మోసినాడు. సచ్చినాకైనా దించుకోనీండి. తవరు ఎత్తించినారు, తవరే దించాల."

"నేను దించినట్టు కూడా రాశానమ్మా," అన్నారు వేంకటాచలం గారు. అది నిజమే. 'పిదప దానిని మెల్లగా నేలకు దించెను' అన్నది ఆ వార్తలో చివరి వాక్యం. పత్రికలో చోటు చాలనప్పుడు తోకనుంచి కోసుకుంటూ రావడం అక్కడి పద్ధతి. కత్తెర సరిగ్గా ఆ వాక్యం మీదనే పడింది.

"కోసింది ఎవులో నాకు తెలవదు. నాకు తెలిసింది తవరే."

కట్టుకథ అని కొట్టివేయాలని ఆయనకు అనిపించకపోలేదు. కాని కళ్లతో చూడకుండా రాసినందుకే ఇంత వచ్చిందని తోచి, మరునాడు ఉదయమే బండి కట్టించుకొని బంటువలస వెళ్లారు.

ఊరి మొగలో అసిరయ్య టీకొట్టు. అతడు ఆయనను ఎగాదిగా చూసి, "సంబరానికి తవరు ఒచ్చినారేటి?" అని అడిగాడు.

"రాలేదు."

"పోనీ అంతకుముందు ఏడు?"

వేంకటాచలం గారు తల దించుకున్నారు. అసిరయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది. "సూడకుండా ఎత్తించినారు కదా బాబూ, సూడకుండా దించీండి మరి. అక్కడిదాకా దేనికి? మాం ఎవులం ఎల్లటం నేదు."

అయినా ఆయన వెళ్లారు. దాలమ్మ ముందు నడిచింది. గైరమ్మ గద్దె ముందర, ఆమె ఇంటికి ఎదురుగా సంగిడి పడివుంది. చుట్టూ మనుషుల అడుగుజాడలు గాని, పశువుల గిట్టల గుర్తులు గాని లేవు. మార్గశిరపు ఎండ తెల్లగా కాస్తున్నది. గాలి లేదు. మొదట ఆయనకు ఏమీ వినపడలేదు. తరువాత విన్నారు. బరువెత్తిన మనిషి పళ్లబిగువున తీసే ఊపిరి. లాగడం, నిలపడం, వదలడం. అది రాతిలోనుంచి రావడం లేదు. రాతికి పైన, సరిగ్గా మనిషి ముఖం ఉండే ఎత్తునుంచి వస్తున్నది.

వేంకటాచలం గారు వంగి రాతిమీద చెయ్యి వేశారు. పక్కనున్న గద్దె పొడిగా ఉంది, నేల పొడిగా ఉంది. రాయి మాత్రం నులివెచ్చగా, తడిగా ఉంది. అరచెయ్యి ముక్కుదాకా తెచ్చుకున్నారు. చెమట వాసన.

ఆయన వెంటనే వెనుదిరిగి బండి ఎక్కారు.

ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చున్న ఆయనకు కలం సాగలేదు. ఎత్తలేదన్నది సత్యం. దించాడన్నది అబద్ధం. బతుకంతా 'అసలుతో సరిచూడబడినది' అని సంతకం పెట్టిన చెయ్యి ఒక చచ్చినవాడి విషయంలో తెలిసి తెలిసి రెండో అబద్ధం రాయాలి. మొదటిది సోమరితనంతో రాసినది. దీన్ని దేనితో రాయాలి?

"ఆ రాతిని పట్టుకున్న చెయ్యి కదా," అంది బాలసరస్వతి మెల్లగా. "ఆ చెయ్యి చెప్పినట్టు రాయండి."

ఆయన ఎప్పుడూ రాజకీయాలు ముందు, ఆటలు నడుమ, పుస్తకాలు చివర రాసేవారు. ఆ రోజు క్రమం తలకిందులు చేశారు. కత్తెర తోకనుంచి వస్తుంది గనుక మొట్టమొదటి పంక్తిలో ఇలా రాశారు: 'బంటువలస గ్రామవాస్తవ్యుడును, ఈ ప్రాంతమున పేరొందిన బలశాలియునగు కీర్తిశేషుడు కూర్మయ్య, తానెత్తిన సంగిడిని నేలకు దించెను.' ఆ తరువాతే సమితి అవిశ్వాస తీర్మానం, చెడుగుడు పోటీలు, నరసింగరావు శతకం.

కవరు బండికి అందింది. పత్రిక వచ్చింది. సమితి వార్త సగానికి తెగింది. చెడుగుడులో గెలిచిన జట్టు పేరు లేదు. శతకం ఊసే లేదు. నరసింగరావు అటుతరువాత చాలాకాలం పలకరించలేదు. మొదటి పంక్తి మాత్రం అక్షరం పోకుండా అచ్చయింది.

ఆయన పత్రిక చంకలో పెట్టుకొని ఆ ఉదయమే మళ్లీ బంటువలస వెళ్లారు. కబురు తెలిసి ఊరు ఊరంతా వచ్చింది గాని, రాతికి చాలా దూరంలో ఆగిపోయింది. దాలమ్మ ఒక్కతే దగ్గర నిలబడింది. అంతమంది ఉన్నా ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తున్నది. నిన్నమొన్నటికన్న అలసటగా ఉంది.

వేంకటాచలం గారు కళ్లజోడు సవరించుకొని పత్రిక విప్పారు.

"ఆగండి బాబూ," అంది దాలమ్మ.

అసిరయ్య దూరంనుంచే కసిరాడు. "ఒసే దాలీ, కాళ్లు అరిగేలాగ తిరిగి నువ్వే తెచ్చినావు. ఇప్పుడు ఆగమంతావేటి?"

ఆమె అన్నవైపు చూడలేదు. ఒక అడుగు ముందుకు వేసి, చెవి ఒగ్గి, ఆ ఊపిరిని కాసేపు విన్నది. మొన్నటిదాకా భయపెట్టినది ఇదేనా అన్నట్టు విన్నది. తరువాత రాతిముందు కూర్చొని, పమిటచెంగుతో, పొలంనుంచి వచ్చినవాడి ముఖం తుడిచినట్టు, నుదురు, చెంపలు, మెడ అన్న క్రమంలో మెల్లగా ఆ తడిని తుడిచింది.

"సదవండి," అంది.

ఆయన చదివారు. 'దించెను' అన్న మాట దగ్గర ఆగారు. అది ఊరు కేకవేయవలసిన చోటు. చివరకు అసిరయ్యే, కళ్లు గట్టిగా మూసుకొని, "దిగింది!" అని అరిచాడు. ఆ వెంటనే ఊరంతా ఒక్క గొంతుతో, "దిగిందీ!" అన్నది.

నేల అరికాళ్లకింద ఒక్కసారి అదిరింది. రాయి మాత్రం ఉన్నచోటనే ఉంది. ఊపిరి ఒకటి పొడుగ్గా బయటికి వచ్చింది. దాని వెనుక మరొకటి రాలేదు. అందరూ దానికోసం ఎదురుచూశారు. అది రాలేదు.

అప్పుడు దాలమ్మ నేలమీద చతికిలబడి, చితినాడు గాని, పెద్దకర్మనాడు గాని ఏడవని ఏడుపు ఏడ్చింది.

"ఎల్లిపోనాడు," అంది ఆమె. "నానే అంపీసినాను."

ఆడవాళ్లు దగ్గరకు వచ్చి ఆమెను లేపారు. రాయి ఎండకు పూర్తిగా ఆరిపోయి, ఎప్పటినుంచో ఎవరూ ముట్టనట్టు దుమ్ముకొట్టుకొని ఉంది. దాన్ని తుడిచిన ఆమె పమిటచెంగునుంచి మాత్రం నీళ్లు కారుతూనే ఉన్నాయి.