ఉదాహరణతో సహా రాసిన రివ్యూ

మా టీమ్ లీడ్ పోస్టు నా చేతిదాకా వచ్చి ఎలా జారిపోయిందో చెప్తాను, టీ తాగుతూ వినండి. ఎవరూ తన్నుకుపోలేదు. నేనే రాసి మరీ పోగొట్టుకున్నాను.

మా ఆఫీసులో ఏడాదికోసారి మన గురించి మనమే గొప్పగా రాసుకోవాలి. సెల్ఫ్ రివ్యూ అంటారు. ఐటీ సపోర్ట్‌లో ఆరేళ్ళుగా ఉన్నా నాకది చేతకాదు. సొంత డబ్బా కొట్టుకోకూడదని కదా మనల్ని పెంచింది! మా టీమ్‌లోనే పనిచేసే కిరణ్ టిప్ ఇచ్చాడు. "అక్కా, 'వెంట్ ది ఎక్స్‌ట్రా మైల్' అని పడెయ్. అడిగినదానికన్నా ఎక్కువ చేశానని చెప్పడం. అందరూ రాసేదే."

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? 'సోదాహరణంగా వివరింపుము' అని పరీక్షలు రాసిన ప్రాణం ఇది. ఉదాహరణ లేకపోతే మార్కులు కట్ అవుతాయని ఇప్పటికీ భయం. పైగా నా దగ్గర నిజంగానే ఒకటుంది. మార్చిలో, ఇంటినుంచి పనిచేసే ఒకావిడ లాప్‌టాప్ చచ్చిపోయింది. మర్నాడే ఆవిడకి పెద్ద ప్రెజెంటేషన్. కొరియర్‌లో పంపితే రెండు రోజులు. కొత్త లాప్‌టాప్ నా కార్‌లో పెట్టుకుని, మా ఆఫీసున్న మోరిస్‌విల్ నుంచి వానలో ముప్ఫై మైళ్ళు డ్రైవ్ చేసి ఇచ్చొచ్చాను. పాపం, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందుకని, నేను మాటవరసకి కాదు, నిజంగానే మైళ్ళు వెళ్ళానని తేదీతో సహా రాశాను. రాసి మురిసిపోయాను కూడా.

రెండు వారాలకి మేనేజర్ పిలిచాడు. ప్రమోషనే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. పక్కన సెక్యూరిటీ టీమ్ నుంచి ఒకావిడ కూర్చుని ఉంది. కంపెనీ లాప్‌టాప్ సొంత కార్‌లో తీసుకెళ్ళడం రూల్స్‌కి విరుద్ధమట. మీకెవరు చెప్పారని అడగబోయాను. నా రివ్యూ ప్రింట్ ఆవిడ చేతిలోనే ఉంది. ఫిర్యాదీ నేనే, ముద్దాయినీ నేనే.

లీడ్ పోస్టు కిరణ్‌కి వెళ్ళింది. ఎక్స్‌ట్రా మైల్ అని నాలుగుచోట్ల రాశాడట, కుర్చీలోంచి లేవకుండా. నాకు కడుపు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది.

మొన్న గురువారం సాయంత్రం మళ్ళీ ఎవరిదో లాప్‌టాప్ చచ్చిపోయింది. కిరణ్ నా డెస్క్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, చాలా అర్జెంట్ అంట. ఒక్కసారి నువ్వెళ్ళి ఇచ్చొస్తావా? ఎక్కడా రాయకు."

కుదరదని ముఖం మీదే చెప్పుంటాననుకుంటున్నారు కదూ? లేదు. పోనూ రానూ యాభై రెండు మైళ్ళు.