కుడి బుగ్గలో పూనకం

నా కుడి బుగ్గను ఎవరూ తాకకూడదు. గాలి కూడా తాకకూడదు. మండువేసవిలోనూ ఇంట్లో ఫ్యాన్ వేయనిచ్చేదాన్ని కాదు. గుక్కెడు మంచినీళ్లు తాగితే చాలు, దవడ నుంచి కంటి దాకా కరెంటు షాక్ కొట్టినట్టుండేది. ఆ వైపు మొహమంతా వంకరపోయి ఎగిరెగిరి పడేది. పన్ను నొప్పే అనుకొని, నరసరావుపేటలో డాక్టరును బతిమాలి మరీ మంచి దవడ పళ్లు పీకించుకున్నాను. పళ్లు పోయాయి, నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. మాత్రలు కొన్నాళ్లు పనిచేసి మానేశాయి. చచ్చిపోతే బాగుండునని రోజూ అనుకునేదాన్ని.

చెవి వెనక లోపల ఒక రక్తనాళం నరాన్ని ఒత్తుతోందని గుంటూరు డాక్టరు గారు చెప్పారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, రెంటికీ మధ్య దూదిలాంటి ముక్క పెడతారట. ఆ పూటే చేరిపోతానన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"పుర్రె తెరిపిస్తే మనిషి దక్కుద్దా? ముందు కోటయ్య సామికి తలనీలాలు ఇద్దాం. ఆయనే చూసుకుంటాడు," అంది. మా ఆయన తల్లి మాట దాటడు.

కోటప్పకొండ మీద మంగలి నా తలపై చెంబుడు నీళ్లు పోశాడు. అవి బుగ్గ మీదకు జారాయి. అంత కేక నా గొంతులోంచే వచ్చిందా అనిపించింది. మొహం పట్టుకుని బండల మీద దొర్లాను.

"అమ్మ పూనింది!" అని ఎవరో అరిచారు.

అంతే, ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకావిడ హారతి వెలిగించింది. ఇంకొకావిడ శాంతించమంటూ మొహాన పసుపునీళ్లు కొట్టింది. దాంతో నొప్పి మళ్లీ మొదలు. అమ్మ గట్టిగా పూనిందని వాళ్లు సంబరపడ్డారు.

"మా బోరులో నీళ్లు పడతయ్యా తల్లీ?" అని ఒకామె అడుగుతోంది. అంత బాధలోనూ నాకు ఒళ్లు మండింది.

అప్పుడు అత్త కనిపించింది. ఈ నొప్పిని ఇంట్లో రోజూ చూసిన మనిషే, నా ముందు కూలబడి చేతులు జోడించింది.

"అమ్మా, మా కోడలు చానా బాధ పడతంది. కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో. ఏం చెయ్యమంటావో చెప్పు తల్లీ."

నా కోసం నన్నే వేడుకుంటోంది. ఆమెకు నా మీద అంత ప్రేమ ఉందని అప్పటిదాకా తెలియదు. ఏడుపొచ్చింది. అయినా పళ్లు బిగించి, "దాన్ని గుంటూరు తీసకపో. ఆపరేషన్ చేయించు," అన్నాను.

"అట్టాగే తల్లీ," అంది.

తలనీలాలు నయమయ్యాక ఇస్తామని మొక్కి, అటు నుంచి అటే తీసుకెళ్లింది.

ఆపరేషన్ అయ్యాక బుగ్గ తాకి చూసుకునే ధైర్యం చాలలేదు. అత్తే వేలి కొసతో తాకింది. బిగుసుకుపోయాను. ఏమీ కాలేదు. మళ్లీ తాకమన్నాను. ఏమీ లేదు.

"ఆ తల్లి చెప్పకపోతే నిన్ను పోగొట్టుకునేదాన్నే," అంటూ అత్త వెక్కివెక్కి ఏడ్చింది.

నిజం చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఆమె పెరుగన్నం ముద్ద పెట్టింది. నెమ్మదిగా నమిలాను.