జంట బొక్కెనల కవిత

ప్రెస్సులో ఆమెను అందరూ అచ్చుల అక్క అనేవారు. చదివింది ఐదో తరగతే. ముప్ఫై ఏళ్లుగా సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసలు పేరుస్తోంది. ఆమె పేర్చిన పుటకు అంచులు గోడ కట్టినట్టు నిలిచేవి. వరుస పొట్టిగా మిగిలితే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు పక్క వీధి మాస్టారు, భార్య కోసం రాసిన కవిత తెచ్చారు. అందులో ఒక బావి, ఒకే చేంతాడుకు రెండు కొసలా రెండు బొక్కెనలు, మధ్యన గిలక. నువ్వు ఖాళీగా దిగితేనే నేను నిండి పైకొస్తాను, లాగే చెయ్యి మాత్రం మనిద్దరిదీ కాదు అని భావం.

వరుసలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాపం, చెయ్యి వణికి ఉంటుందనుకుంది అక్క. మాటలు పైకీ కిందికీ జరిపి, అన్నీ సమానం చేసింది.

మర్నాడు మాస్టారు ప్రూఫును చాలాసేపు చూసి, ‘‘చక్కగా ఉందమ్మా’’ అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

‘‘ఎన్ని కాపీలు వేయమంటారు?’’

‘‘ఇంక వద్దులేమ్మా.’’

‘‘తప్పుంటే చెప్పండి మాస్టారూ. చెప్పకపోతే రేపూ అదే చేస్తాను.’’

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ‘‘మా ఆవిడకి అక్షరాలు ఆనడం లేదు. నలుపూ తెలుపూ తెలుస్తాయంతే. కవిత నోటికి వచ్చు. కంటితో కూడా చూసుకుంటుందని ఆశపడ్డాను. ఎల్లుండి కంటికి ఆపరేషన్. ఆ కాస్త చూపూ మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు.’’

అక్క చేతిరాత కాగితం మళ్లీ తీసింది. ఈసారి అక్షరాలు చదవలేదు, కళ్లు సగం మూసి ఆకారం చూసింది. పొడుగు వరుసకూ పొట్టి వరుసకూ తేడా తగ్గుతూ తగ్గుతూ వచ్చి, నట్టనడుమ రెండు వరుసలు సరిసమానంగా ఉన్నాయి. ఆ తర్వాత మళ్లీ ఎడం.

‘‘బొక్కెనలు ఎదురుపడే చోటా ఇది?’’

‘‘అవునమ్మా. నలభై ఏళ్లూ మేం ఆ ఒక్క చోటే ఉన్నట్టుంటుంది నాకు.’’

‘‘నేనేమో బావి పూడ్చి గోడ కట్టాను’’ అంది అక్క.

పేర్చింది విప్పుతుంటే ప్రెస్సు ఓనరు విసుక్కున్నాడు. ‘‘సరిగ్గా ఉన్నదాన్ని వంకర చేస్తావేంటక్కా?’’

‘‘ఫ్రేములో పట్టలేదని మీ ఆవిడ ఫొటోకి తల కత్తిరిస్తావా తమ్ముడూ?’’

అతను నవ్వి, తనే పెద్ద అక్షరాల సొరుగు లాగి ముందు పెట్టాడు.

పొట్టి వరుస వచ్చినప్పుడల్లా అక్క చెయ్యి అలవాటుగా, వరుస నింపే అక్షరం లేని సీసపు ముక్కల మీదికి పోయేది, వెనక్కి తీసుకునేది. ఎవరి పనికి వాళ్లే అడ్డుపడి, దాన్నే మళ్లీ నేర్చుకోవడానికి భగవంతుడు ఎంత ఓర్పు ఇవ్వాలో!

సాయంత్రం సిరా ఆరగానే అచ్చు కాగితాన్ని అక్క తనే మాస్టారి ఇంటికి పట్టుకెళ్లింది. మాస్టారి భార్య కిటికీ దగ్గర కాగితాన్ని ముఖానికి ఆనించుకుని, నల్లటి అంచు వెంట వేలు పోనిచ్చింది. వేలు దూరం పోయింది, దగ్గరికొచ్చింది. ఆ ఊపు తగ్గుతూ వచ్చింది; నడుమ వేలు తిన్నగా కిందికి దిగి ఆగింది.

‘‘ఇదిగో, ఇక్కడ మీరు నా పక్కనే ఉన్నారు’’ అంది భర్తతో. తర్వాత, ‘‘పేర్చింది నువ్వేనా అమ్మా?’’

‘‘ముందు చెడగొట్టిందీ నేనేనండి.’’

‘‘పోనీలే, కూర్చో. ఇంకోసారి చూసుకోనీ.’’

వేలు మళ్లీ మొదటి వరుస మీదికి వెళ్లింది.