వెనక్కి నడిచిన పడవ

మా వంశంలో సుద్దముక్క పట్టినవాళ్లే తప్ప సుత్తి పట్టినవాడు లేడు. ఆ లోటు తీర్చడానికి నేను, బందరులో లెక్కల మాస్టారుగా రిటైరైన మర్నాడే, వస్తువుల్నే అచ్చేసే లేజరు ప్రింటరు తయారుచేయడానికి కూర్చున్నాను. మైనం పొడిలో బొగ్గుపొడి కలిపి పలచగా పరిస్తే, లేజరు గీసినచోటల్లా కరిగి గట్టిపడుతుంది. పొర మీద పొర వేస్తే వస్తువు నమూనా తయారు. దానికి మట్టి మెత్తి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. చెప్పడానికి ఇంతే, చేయడానికి రెండేళ్లు పట్టింది. సముద్రపు గాలికి పొడి ముద్దకట్టేది. "పిండి జల్లెడ కనబడట్లేదు, మీ ఫ్యాక్టరీలో ఉందేమో చూడండి" అనేది మా ఆవిడ.

అప్పుడు దొరికాడు, దివిసీమలో చేపలవేట చేసే నా పాత శిష్యుడు. పడవను తోసే ఇత్తడి పంకాకి రెక్క విరిగింది. మెల్లగా నడుస్తోంది కానీ, వేట నిషేధం ముగిసే రోజుకి కొత్తది కావాలి. రెండు నెలలు ఖాళీగా కూర్చున్న ఇంటికి ఆ మొదటి వేటే ఆధారం. చెక్క నమూనా చేయిస్తానన్నాడు. "ఇంకా చెక్కేంటయ్యా, ఏ కాలంలో ఉన్నావు?" అని నవ్వాను.

గుడివాడలో పోతపోసే ఆయన నా మైనం పంకాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెక్కలు ఎదురు తిరిగినట్టున్నాయండీ. పాతదాని పక్కన పెట్టి చూద్దామా?"

"కంప్యూటరు గీసిందయ్యా. దానికి నీకంటే లెక్కలొచ్చు."

అంతటితో ఆగానా? పాతదాన్ని కూడా అక్కడే మూసలో వేయించి కరిగించాను.

ప్రింటరులో ఒక మోటారు వైర్లు నేను తారుమారుగా కలిపానని అప్పటికి నాకు తెలియదు. అందువల్ల ప్రతిదీ అద్దంలో చూసినట్టు ఎడమది కుడిగా వస్తుంది. అంతకుముందు నేను చేసినవన్నీ గుండ్రటి ఉంగరాలు, గిన్నెలు. వాటికి ఎడమేమిటి, కుడేమిటి!

నిషేధం ముగిసిన రోజు ఒడ్డున పెళ్లిపెద్దలా నిలబడ్డాను. ఇంజను అందుకుంది. గేరు లేని ఇంజను, ఒకవైపే తిరుగుతుంది. పడవ హుందాగా వెనక్కి బయల్దేరి ఒడ్డుకి గుద్దుకుంది. మిగతా పడవలవాళ్లు పడీపడీ నవ్వి, వరసగా వెళ్లిపోసాగారు.

"ప్రింటరులో వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలు, వారంలో..." అంటూ మొదలుపెట్టాను.

"బిగించేటప్పుడే అనుమానం వచ్చిందండీ," అన్నాడు శిష్యుడు, వల సర్దుకుంటూ. "మేష్టారు చేసింది తప్పెట్టా అవుద్దిలే అని ఊరుకున్నా. మీరు ఎండలో నిలబడకండి."

తిట్టినా బాగుండేది. చివరి పడవని కేకేసి ఆపి, సొంత పడవని ఒడ్డుకి కట్టేసి, అతను వాళ్ల పడవలో కూలికి ఎక్కాడు.