గవర్నరు గారు చదివిన దస్తావేజు

మా ఫరంపేట ఇంటి దొడ్డి తమదని పక్కింటివాళ్ళు దావా వేసినప్పుడు, అమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి యానాం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పటి మా ముత్తాతగారి ఫ్రెంచి కాగితం ఒకటి తీసింది. దాన్ని చదవగలిగిన లాయరు యానాం మొత్తానికి ఒక్కరేనని అందరూ చెప్పారు. ఇప్పుడు వేరే రాష్ట్రానికి గవర్నరుగా వెలిగిపోతున్నది ఆయనే.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని వెలుగుకేసి పట్టి, "క్రయ దస్తావేజమ్మా ఇది. మీ దొడ్డి హద్దులేంటో చెప్పు" అన్నారు.

"తూర్పున కాలవండి, పడమట కొబ్బరితోటండి" అంది అమ్మ.

"సరిగ్గా అదే రాసుంది!" అన్నారాయన. చదువంటే అలా ఉండాలి.

తర్వాత ఏడేళ్ళపాటు కోర్టులో ఆయన ఒకే వాదన వినిపించారు: కాగితానికి తర్జుమా దాఖలు చేస్తాం, వాయిదా ఇప్పించండి. ఆ ఏడేళ్ళలో టీవీ చర్చల్లో కూర్చున్నారు, పార్టీ మారారు, ఢిల్లీ చుట్టూ తిరిగారు. తర్జుమాకి మాత్రం పాపం తీరిక దొరకలేదు. దొడ్డి పోతే ఇంట్లోకి దారే ఉండదని అమ్మ బెంగతో చిక్కిపోయింది. ఆయన గవర్నరైన రోజున ఊరంతా టపాసులు కాల్చింది. మా ఇంటికి మా కేసు కట్ట తిరిగొచ్చింది.

దాన్ని మెట్టకూరులో ఉండే కుర్ర లాయరమ్మకి ఇచ్చాను. బళ్ళో ఫ్రెంచి చదువుకున్న పిల్ల. కాగితం చూసి నవ్వాపుకోడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది దస్తావేజు కాదండి. మీ ముత్తాతగారి గేదె రోడ్డెక్కిందని వేసిన జరిమానా రసీదండి."

నేను కేసు కట్ట మళ్ళీ చుట్టెయ్యబోయాను. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ చదివింది. "ఉండండుండండి. గేదె ఎక్కణ్ణుంచొచ్చిందో కూడా రాసేరండి. కాలవ పక్కన, ఆయన సొంత దొడ్లోంచటండి!"

నెల్లాళ్ళలో తర్జుమా దాఖలైంది. దొడ్డి మీదైతే, అది వీళ్ళ ముత్తాత సొంత దొడ్డని సర్కారు రసీదులో ఎందుకు రాసుందని జడ్జిగారు పక్కింటివాళ్ళని అడిగారు. వాళ్ళ దావా కొట్టేశారు. కంచె సరిగ్గా కట్టుకోని మా ముత్తాత బద్ధకం వల్ల ఇల్లు నిలిచింది.

మొన్న గవర్నరు గారికి ఊళ్ళో సన్మానం చేశారు. ఆ రాష్ట్రంలో ప్రతి బిల్లూ స్వయంగా చదివి గానీ ఆయన సంతకం పెట్టరని వ్యాఖ్యాత పొగిడాడు. నమ్మాను. తర్వాత ఆయనే మైకు అందుకుని, గొంతు వణికిస్తూ, "ఓ పేదతల్లి ఫ్రెంచి దస్తావేజు చదివి ఆమె ఇల్లు నిలబెట్టాను. తూర్పున కాలువ, పడమట కొబ్బరితోట!" అన్నారు. హాలంతా చప్పట్లు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం మురిసిపోయింది. "నేను చెప్పిన హద్దులు ఒక్క ముక్క మర్చిపోలేదురా మహానుభావుడు! పద, దండేద్దాం."

అమ్మ దండ వేస్తుంటే ఆయన చెవి దగ్గరికి వంగి, "సార్, అది గేదె జరిమానా రసీదండి" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు చెదరలేదు. ఫొటో తీసేవాడి వైపే చూస్తూ మెల్లిగా అడిగారు.

"అలాగా! ఇంతకీ కేసు గెలిచామా?"