మా మామ పడవకు వెనక మోటారు

శింగనమల చెరువు నిండిన ఏడాది మా మామ పడవ కొన్నాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, వేరుశనగ రైతు. నీళ్ల కోసం పొలమంతా బోర్లు వేయించి విసిగిపోయిన మనిషికి ఉన్నట్టుండి ఊరి ముందర అంత నీరు కనబడేసరికి మనసు నిలవలేదు. చెరువు అవతల ఆయనకు కొంత చేను ఉంది. చుట్టూ తిరగకుండా అడ్డంగా పోవచ్చని, కోస్తా నుంచి ఒక పాత ఫైబరు పడవను లారీలో వేయించుకుని వచ్చాడు.

పడవ నడుమ డీజిల్ ఇంజను ఉండేది. దాని నుంచి ఒక ఇనుప కడ్డీ అడుగున ఉన్న బెజ్జం గుండా నీళ్లలోకి పోతుంది. కడ్డీ చివర నీళ్లను తోసే ఫ్యాను. సముద్రంలో అది బాగానే నడిచిందేమో గానీ, మా చెరువులో నీళ్ల కింద, ఎండిన ఏళ్లలో మొలిచిన తుమ్మచెట్లు ఉన్నాయి. ఫ్యాను వాటిలో చిక్కుకునేది. బెజ్జంలోంచి నీళ్లు ఊరేవి. మామ ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని ప్రయాణం చేసేవాడు.

నాకు బత్తలపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. ఒకరోజు మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, ఇంజను పెరికేస్తాండా. వెనకల తగిలించే పెట్రోలు మోటారు తెచ్చినా. చెట్టు తగిలితే పైకెత్తుకోవచ్చంట. నువ్వు రావల్ల."

"నాకు బోరు మోటార్లే తెలుసు మామా."

"అవీ నీళ్లల్లోనే కదప్పా ఉండేది."

పానాలు సంచిలో వేసుకుని వెళ్లాను.

బోరు పైపులు లాగే ముక్కాలి స్టాండుతో ఇంజను తేలిగ్గానే బయటికి తీశాం. బెజ్జానికి చెక్క బిరడా దిగ్గొట్టి పైన ఫైబరు పూత వేశాం. పడవ వెనక వైపు వంకరగా ఉండటంతో మోటారును నేరుగా బిగించడం కుదరలేదు. దాన్ని మోయడానికి ఒక ఇనుప బ్రాకెట్టు కావలసి వచ్చింది. ఊళ్లో వెల్డింగు చేసే ఆయన అంతవరకు గేట్లు మాత్రమే చేసినవాడు. బ్రాకెట్టు ఎత్తడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. రెండు పక్కలా తామరపూలు ఉన్నాయి.

"పూలెందుకన్నా?" అని అడిగాను.

"ఊరికే ఇనుము మాదిరి ఉంటే ఏం బాగుంటాది?" అన్నాడాయన.

నీళ్లలోకి దింపేముందు మోటారును ఇంటి దగ్గరే పరీక్షించాలనుకున్నాం. అత్త బజారుకు పోయిన సమయం చూసి, తాగునీళ్ల డ్రమ్ములో మోటారు కింద ఫ్యాను ఉన్న కాలు ముంచి, మామ తాడు లాగాడు. గేరు పడి ఉందని ఇద్దరం చూసుకోలేదు. డ్రమ్ములో నీళ్లన్నీ ఒక్కసారిగా లేచి మా మీద, ఆవు మీద, ఆరేసిన చీరల మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే అత్త వాకిట్లోకి వచ్చింది.

"ఏమయ్యా, తాగే నీళ్లల్లో అదేంది?"

"మోటారు."

"అది నాకూ కనపడతాండాది."

ఆ సాయంత్రం మాకు కాఫీ రాలేదు.

మర్నాడు పడవను చెరువులోకి దింపాం. ఇంజను పోయాక నడుమ బరువేమీ లేదు. మోటారు, బ్రాకెట్టు, మామ అంతా వెనకే. బ్రాకెట్టు ఊడిపోతుందేమోనన్న భయంతో నేనూ వెనకే కూర్చున్నాను. మోటారు వేగం అందుకోగానే పడవ దూడలాగా మోర ఎత్తింది.

"అల్లుడా, చెరువు కనపడ్లేదు."

"ముందరే ఉండాది మామా, పోనీ."

మామ పోనిచ్చాడు. కాసేపటికి పడవ గట్టుకు తగిలింది. "వచ్చేసినాం," అంటూ ఆయన సంతోషంగా దిగి చూస్తే, ఎదురుగా అత్త నిలబడి ఉంది. మేం గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాం.

ముందర ఇసుక మూట పెడదామన్నాను. మామ అత్త వైపు చూశాడు.

"ఏంది అట్ల చూస్తాండావు? ఇసక మూటకు బదులు నేనా?"

మేమిద్దరం నేల చూపులు చూశాం. అయినా ఆమె చీర ఎగదోపుకుని పడవెక్కి ముందర కూర్చుంది. పడవ బుద్ధిగా మోర దించింది. అత్త "చెట్టుండాది, ఎడమకు పో," అంటే మామ మోటారు పిడిని ఎడమకు తిప్పేవాడు, పడవ కుడికి పోయేది. మూడో తుమ్మచెట్టుకు తగిలినాక ఆమె లేచి నిలబడింది.

"లెయ్. ఆ పక్కకు నేనొస్తా."

పిడి అటు తిప్పితే పడవ ఇటు పోతుందని అత్తకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేరుగా అవతలి గట్టుకు చేర్చింది. మామ బక్కపలచటి మనిషి కాబట్టి, తిరుగు ప్రయాణంలో పడవ మోర ఎత్తకుండా ఆయన్ని ముందర కూర్చోబెట్టి ఒళ్లో ఇసుక మూట పెట్టాం.

ఇప్పుడు అత్తే నడుపుతోంది. మొన్న నేను వెళ్లేసరికి మామ ఇసుక మూట పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కలేదేం మామా?"

"ఇంగా పిలవలేదప్పా," అన్నాడు.